సీటు ఇచ్చి గేటు మూసేస్తే ఎలా?

అయ్యలసోమయాజుల లలిత గారి ఇంజనీరింగ్ సర్టిఫికెట్‌లో ఒక కొట్టివేత ఉంది. ఆవిడ 1943లో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ పూర్తి చేశారు. కాలేజీ దగ్గరున్న అచ్చు కాగితంలో అంతా ‘హీ’ అనే ఉంది. దాన్ని కలంతో కొట్టేసి ‘షీ’ అని రాసిచ్చారు. అప్పటిదాకా ఆ కాగితం ఒక ఆడమనిషి చేతికి వెళ్తుందని ఎవరూ అనుకోలేదు మరి.

18 ఏళ్లకే భర్త పోయి, నాలుగు నెలల పాపతో మిగిలిపోయిన తెలుగమ్మాయి ఆవిడ. తండ్రి పప్పు సుబ్బారావు గారు ఆ కాలేజీలోనే ప్రొఫెసర్ కాబట్టి, అడిగి సీటు ఇప్పించగలిగారు. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అసలు సంగతి ఆ తరవాతే ఉంది. అన్ని వందలమంది మగపిల్లలున్న చోట హాస్టల్లో ఆడపిల్ల తనొక్కతే. అలా ఎన్నాళ్ళు నెట్టుకురాగలదు? తండ్రి మళ్ళీ కాలేజీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఇంకొందరు అమ్మాయిల్ని చేర్చుకోమని ఒప్పించారు. సివిల్‌లో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అలా వచ్చి చేరారు. లలిత గారు తరవాత భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పని దాకా వెళ్ళారు.

సీటు, ఉండటానికి గది, పక్కన ఇంకో ఇద్దరు. 1940లో ఒక తండ్రికి ఈ మూడూ కావాలని అర్థమైంది. మనం 80 ఏళ్ల తరవాత కూడా మొదటిది ఇచ్చేసి, మిగతా రెండూ మర్చిపోతున్నాం. నా గొడవంతా దీని గురించే.

సీట్ల మాట ముందే తేల్చేద్దాం, లేకపోతే కామెంట్లన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. 2016లో ఐఐటీల్లో చేరినవాళ్ళలో అమ్మాయిలు నూటికి 8 మంది దగ్గర ఉన్నారు. 2018 నుంచి సూపర్‌న్యూమరరీ సీట్లు పెట్టారు. లక్ష్యం ఆ ఏడాది 14 శాతం, 2019లో 17, 2020లో 20. సూపర్‌న్యూమరరీ అంటే ఉన్న సీట్లలో కోత పెట్టడం కాదు, ఉన్నవాటికి అదనంగా కలపడం. ‘మా అబ్బాయి సీటు అమ్మాయికిచ్చేశారు’ అనే మాట తప్పు. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకు ఎప్పటినుంచో ఉన్నాయి. కాబట్టి సీటు దగ్గర కొంత పని జరిగింది. జరిగినదాన్ని కాదనను.

ఇంకో లెక్క చూడండి. ఉన్నత విద్య మీద కేంద్రం చేసే సర్వేలో 2020-21కి సైన్స్ కోర్సుల్లో 55 లక్షల పైచిలుకు పిల్లలుంటే, వాళ్ళలో అమ్మాయిలే 29 లక్షలకు పైగా. సగం కన్నా ఎక్కువ. అదే ఏడాది ఇంజనీరింగ్ డిగ్రీల్లో మాత్రం నూటికి 29 మంది దగ్గర ఆగిపోయారు. బీఎస్సీ ఫిజిక్స్ అర్థమయ్యే పిల్లకి ఇంజనీరింగ్ ఫిజిక్స్ అర్థం కాదా? తేడా బుర్రలో లేదు. డిగ్రీ కాలేజీ ఊళ్ళోనో పక్క టౌన్‌లోనో ఉంటుంది, ఫీజు తక్కువ, సాయంత్రం నాలుగున్నర బస్సుకి ఇల్లు చేరొచ్చు. ఇంజనీరింగ్ అంటే దూరం, హాస్టల్, నాలుగేళ్ల ఖర్చు.

అందుకే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల వైపు చూడమంటాను. పదో తరగతి మార్కుల మీద ఎంపిక, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ, ఆరేళ్లూ క్యాంపస్‌లోనే తిండీ బసా. అక్కడ ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ. కోచింగ్ ఖర్చు అనే మెట్టు తీసేసి, ఉండటానికి చోటు చూపిస్తే పల్లెటూరి ఆడపిల్ల ఎలా వస్తుందో అక్కడ కళ్ళకు కనబడుతుంది. జేఈఈ దారిలో అలా కాదు. ర్యాంకు రాకపోతే అబ్బాయికి ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టిస్తారు, అమ్మాయికి దగ్గర్లో ఏ కాలేజీ ఉందో చూస్తారు. ఐఐటీ సీటు తేల్చే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి వరసగా రెండేళ్లు అవకాశం ఉంది. ఆ రెండోది మన ఇళ్ళలో చాలామంది ఆడపిల్లలకు లేనట్టే లెక్క.

సరే, ఎలాగోలా చేరింది. ఇక గేటు సంగతి.

బాలుర హాస్టల్‌కి గేటు ఉన్నా లేనట్టే. బాలికల హాస్టల్‌కి ఆరున్నరకో ఏడుకో తాళం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం సాయంత్రం నాలుగింటికి అయిపోతుంది, చదువు మాత్రం ఆ తరవాతే మొదలవుతుంది. రోబోటిక్స్ క్లబ్ కూర్చునేది ఏడింటికి. హాకథాన్, అంటే జట్లుగా కూర్చుని ఏకబిగిన ప్రాజెక్టు చేసే పోటీ, 24 గంటలు. లైబ్రరీ పది దాకా ఉంటుంది. సీనియర్లు జూనియర్లకి కోడింగ్ చెప్పేది, ఏ కంపెనీ ఇంటర్వ్యూలో ఏం అడిగిందో నోటిమాటగా తెలిసేది, అంతా రాత్రిపూటే. రోజుకి మూడు గంటలు పోయాయనుకోండి, నాలుగేళ్లలో ఎన్ని పోయినట్టు? చివర్లో ప్లేస్‌మెంట్ రోజున ‘అమ్మాయిల ప్రాజెక్టులు కొంచెం డల్‌గా ఉంటాయండీ’ అంటారు. తాళం వేసింది మనమే కదా!

రక్షణ కోసమే అంటారు. యూజీసీ 2016లో నోటిఫై చేసిన లైంగిక వేధింపుల నిరోధక నిబంధనల్లో ఈ మాటకి జవాబు ఉంది. విద్యార్థినుల భద్రత పేరు చెప్పి, హాస్టళ్లలో మగపిల్లలకు లేని ఆంక్షలు ఆడపిల్లలకు పెట్టకూడదని స్పష్టంగా రాశారు. మన కాలేజీల్లో ఎన్ని నోటీసు బోర్డుల మీద ఆ వాక్యం కనిపిస్తుంది?

తాళం తీసేస్తే సరిపోదు, ఒప్పుకుంటాను. దానికి పని ఉంది. హాస్టల్ నుంచి ల్యాబ్ దాకా దారిలో లైట్లు వెలగాలి. చీకటి పడ్డాక ఎవరైనా ఒకసారి నడిచి, ఏ స్తంభం దగ్గర లైటు పోయిందో రాసుకోవాలి. తొమ్మిది, పది, పదకొండు గంటలకు ఒక క్యాంపస్ బండి కచ్చితంగా బయలుదేరాలి; ‘ఫోన్ చేస్తే వస్తుంది’ అనే బండి రాదు. ఇంటి నుంచి అనుమతి లేఖ తెప్పించడం మానేసి, ల్యాబ్ తలుపు దగ్గర వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ రాసే రిజిస్టరు పెట్టాలి. హై వోల్టేజీ, కెమికల్ ల్యాబుల్లో రాత్రిపూట ఒక్కరే ఉండకూడదనే నియమం ఆడా మగా అందరికీ ఉండాలి, ఎందుకంటే కరెంటు షాక్ మనిషిని చూసి కొట్టదు. ఇంకొకటి, టాయిలెట్. మెకానికల్ బ్లాకులో ఆడపిల్లల టాయిలెట్ ఎక్కడో ఒక అంతస్తులో ఒక్కటే ఉంటుంది, తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ ఐదింటికి ఇంటికి. మూడు గంటల ల్యాబ్ ఉన్నరోజు మంచినీళ్లు తాగకుండా వచ్చే పిల్లలున్నారు. ఇది సిగ్గుపడాల్సిన విషయం, పిల్లలు కాదు, మనం.

ఇప్పుడు ల్యాబ్ లోపలికి వెళ్దాం. తేడా ఎక్కడ మొదలవుతుందో ఒకటే చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను.

ఫస్టియర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్. ఒక టేబుల్ దగ్గర ఐదుగురు, సర్క్యూట్ అమర్చే బ్రెడ్‌బోర్డు ఒకటి, వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి, సిగ్నల్‌ని తెరమీద చూపించే సీఆర్‌వో ఒకటి. మొదటివారం ఒకమ్మాయి కనెక్షన్ ఇస్తుంది. మీటరు కరెంటు రేంజిలో ఉందని చూసుకోకుండా సప్లై రెండు చివర్లా పెడుతుంది. ఫ్యూజు పోతుంది. ల్యాబ్ అసిస్టెంట్ అందరి ముందూ నాలుగు మాటలంటాడు, బ్రేకేజ్ రాస్తానంటాడు. ఇంట్లో నాన్న స్కూటరో పాత రేడియోనో విప్పి చూసిన అబ్బాయి ‘నువ్వు జరుగు, నేను చూస్తా’ అంటాడు. వాడు చెడ్డవాడు కాదు, ప్రయోగం తొందరగా అవ్వాలంతే. ఆ అమ్మాయి చేతిరాత బాగుంటుంది కాబట్టి రికార్డు తన ముందుకొస్తుంది. రెండోవారం నుంచి ఇక అడగక్కర్లేదు, ఎవరి చోటు వాళ్ళదే. అబ్బాయి చేతిలో వైరు, అమ్మాయి చేతిలో పెన్ను. వర్క్‌షాప్‌లోనూ అంతే, ఆకురాయి వాళ్ళ చేతిలో, రీడింగ్ రాసేది వీళ్ళు. నాలుగేళ్లు పోయాక ఆ అమ్మాయికి మార్కులు ఎక్కువ, చెయ్యి తిరిగింది మాత్రం అబ్బాయికి. ‘ఆడపిల్లలు థియరీలో బాగుంటారు’ అని మాస్టారు అనేస్తారు. అలా తయారుచేసింది ఆ టేబులే.

దీన్ని మార్చడానికి కోట్లు అక్కర్లేదు. టేబుల్‌కి ముగ్గురిని మించనివ్వకండి. అమ్మాయిల్ని బ్యాచికి ఒకరు చొప్పున విడగొట్టకండి. ‘సమానంగా పంచుతున్నాం’ అనుకుంటూ చాలామంది చేసే తప్పు ఇదే. ఒక్కతే అయితే పెన్ను తన చేతికే వస్తుంది. కనీసం ఇద్దరుండాలి. మూడు గంటల ల్యాబ్‌లో గంట గంటకీ పని మారాలి: కనెక్షన్, రీడింగ్, రికార్డు. మార్చేది గంట కొట్టి మాస్టారే, పిల్లల ఇష్టానికి వదిలేస్తే మారదు. ఇంటర్నల్ మార్కుల్లో కొంత భాగం ఒంటరిగా కనెక్షన్ ఇచ్చి చూపించడానికి పెట్టండి. అన్నిటికన్నా ముందు, మొదటి క్లాసులో మల్టీమీటరు ఫ్యూజు పోతే విప్పి ఎలా మార్చాలో అందరిచేతా ఒకసారి చేయించండి. ఆ చిన్న గాజు ఫ్యూజులు డబ్బాడు తెచ్చి టేబుల్ మీద పెట్టండి, నాలుగు రూపాయల వస్తువు. అది పోతే కొంప మునగదని తెలిసిన పిల్ల మళ్ళీ వైరు పట్టుకుంటుంది.

చట్టం కూడా ఇలాంటి గేటే పెట్టింది చాలాకాలం. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు భూగర్భ గనిలో దిగడానికి వీల్లేకపోయింది. సింగరేణి పక్కనే పుట్టి పెరిగి మైనింగ్ చదువుదామనుకున్న పిల్లకి దీని అర్థం ఏమిటి? మైన్ మేనేజర్ కావాలంటే ధన్‌బాద్ గనుల భద్రతా డైరెక్టరేట్ వాళ్ళ సర్టిఫికెట్ పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష రాయాలంటే గనిలో పనిచేసిన అనుభవం ఉండాలి. గని దిగనివ్వకపోతే అనుభవం లేదు, అనుభవం లేకపోతే పరీక్ష లేదు. ఎక్కడా ‘నువ్వు మేనేజర్ కాకూడదు’ అని రాయలేదు, రాయకుండానే దారి మూసుకుపోయింది. 2019 నోటిఫికేషన్‌తో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా, సాంకేతిక, సూపర్‌వైజరీ పనుల్లో, వాళ్ళ రాతపూర్వక సమ్మతితో దిగనివ్వడం మొదలుపెట్టారు. ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా వెయ్యాలన్న షరతూ పెట్టారు. గిండీ హాస్టల్లో పప్పు సుబ్బారావు గారికి తట్టిన లెక్కే ఇది. అయితే ఇలాంటి షరతున్నప్పుడు ఏ గనిలోనైనా ముగ్గురు దొరకకపోతే ఉన్న ఒక్కమ్మాయిని ఆఫీసులో కూర్చోబెడతారు. కాబట్టి కంపెనీ నియమించేటప్పుడే ముగ్గురు నలుగుర్ని ఒకే గనికి పోస్టింగ్ ఇవ్వాలి, గనికొకరిని ఇస్తే షరతే అడ్డు పడుతుంది. స్టోర్స్‌లో సేఫ్టీ బూట్లు 4, 5 నంబర్లు కూడా ఇండెంట్‌లో రాయాలి. పెద్ద బూటు వేసుకుని నిచ్చెన దిగితే కాలు జారుతుంది. ఇలాంటి చిన్నది మరిచిపోతే ‘ఆడవాళ్ళకి ఇది కుదరదండీ’ అనడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఉద్యోగం, పెళ్ళి, కాన్పు. సాఫ్ట్‌వేర్‌లో అమ్మాయిలు ఎక్కడ జారిపోతారో అందరికీ తెలుసు, ఎలా జారిపోతారో మాట్లాడుకోరు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలి. మంచి చట్టం. ఒక లోపం ఉంది: జీతం మొత్తం కంపెనీయే భరించాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంది, అక్కడ ప్రసూతి డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది. ఆ పైన జీతానికి లేదు. తండ్రికేమో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజులు, ప్రైవేటులో కంపెనీ దయ. అందుకే చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో ‘పెళ్ళెప్పుడమ్మా?’ అనే ప్రశ్న వస్తుంది. ఈఎస్‌ఐ లాంటి నిధి ఒకటి అందరికీ ఉండి, అందులోంచి ఇస్తే ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే పోతుంది. తండ్రులకీ గట్టి సెలవు తప్పనిసరి చెయ్యాలి, అప్పుడే కంపెనీ లెక్కలో అమ్మాయి, అబ్బాయి ఒకటవుతారు.

అప్రైజల్ చూడండి. జనవరిలో సెలవు పెట్టి జూలైలో వచ్చిన అమ్మాయి రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ కొన్నేసి నెలలు తక్కువగా కనిపిస్తుంది. ఒక కాన్పుకి రెండు రేటింగులు దెబ్బతింటాయి. తిరిగొచ్చేసరికి ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేసేసి ఉంటారు, లాగిన్ పనిచెయ్యదు, నేరుగా బెంచ్ మీదికి, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా. పాలిచ్చే తల్లి అరవై రోజుల్లో కొత్త ప్రాజెక్టు వెతుక్కోవాలి, లేకపోతే హెచ్‌ఆర్ మెయిల్. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. సెలవు నెలల్ని తీసేసి పనిచేసిన నెలలకే రేటింగ్ ఇవ్వండి. ప్రాజెక్టులో చోటు ఉంచండి. రావడానికి నెలముందు మేనేజర్ ఫోన్ చేసి ఏం మారిందో చెప్పాలి. మొదటి రెండు నెలలు రాత్రి ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా పనికి రావాల్సిన డ్యూటీ) వెయ్యకండి.

కౌన్సెలింగ్ రోజులొస్తాయి. కూతురిని తీసుకుని కాలేజీలు చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు ప్యాకేజీ ఎంత, ఎన్ని కంపెనీలొచ్చాయి అని అడుగుతారు. అవీ అడగండి. వాటితోపాటు బాలుర హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, బాలికలది ఎన్నింటికి మూస్తారు అని రెండూ ఒకేసారి అడగండి. ల్యాబ్‌లో టేబుల్‌కి ఎంతమంది, కనెక్షన్ ఎవరిస్తారు అని అడగండి. మెకానికల్ బ్లాకులో ఆడపిల్లల టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగి, మెట్లెక్కి వెళ్ళి చూసి రండి.