పేరు కోసం నాలుగు కాఫీలు

లండన్ లో మా పక్క ఫ్లాట్ లో టర్కీ వాళ్ళుంటారు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బంగారంలాంటి మనుషులు, పోయిన నెల ఆడపిల్ల పుట్టింది. ఇక్కడ 42 రోజుల్లోపు పుట్టుక రిజిస్టర్ చేయించాలి, అందులో సగం రోజులు వీళ్ళు పేరు దగ్గర కొట్టుకోడానికే సరిపోయాయి. టర్కీ పేరే కావాలి, కానీ తెల్లోళ్ళ నోట్లో పడి నలిగిపోకూడదు. 'నువ్వు చెప్పు అబీ' అని నా మీద పడ్డారు. అబీ అంటే వాళ్ళ భాషలో అన్నయ్య. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో నా పేరు రోజుకో రకంగా చస్తోంది, ఈ విషయంలో నాకంటే అనుభవం ఎవరికుంటుంది చెప్పండి.

అసలు తిప్పలెక్కడంటే, వీళ్ళు 1928లో అరబ్బీ లిపి వదిలేసి లాటిన్ లిపికి మారారు, చూడ్డానికి ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటాయి, పలికేది మాత్రం వేరు. సీ అని రాసి జ అంటారు. జీ నెత్తిన చిన్న చిప్ప పెడితే ఆ అక్షరం ఇక నోరు మూసుకుంటుంది, దాని ముందున్న అచ్చు కాస్త సాగుతుంది, అంతే.

సరే టెస్టు చేద్దాం అన్నాను. మా ఆఫీసు కింద కాఫీ షాపులో యాప్ లో ఏ పేరు కొడితే అదే గట్టిగా అరిచి పిలుస్తారు. రోజుకో పేరు. మొదటి రోజు జెరెన్, అంటే లేడిపిల్ల, ఎంత ముద్దుగా ఉంది! కానీ సీతో రాస్తారు కదా, కౌంటర్లో కుర్రాడు 'కేరెన్' అని అరిచాడు. ఇంగ్లీషులో కేరెన్ అంటే ఏ షాపుకెళ్ళినా మేనేజర్ని పిలవమని గొడవ చేసే ఆవిడ. రెండో రోజు ఎజె, అంటే రాణి. స్పెల్లింగేమో ఈ, సీ, ఈ. వాడు అచ్చం అలాగే 'ఈసీఈ' అన్నాడు, గుంటూరులో నాలుగేళ్ళు సప్లీలు రాసి రాసి నేను బయటపడ్డ బ్రాంచి అది, పసిపిల్లకి ఆ పీడ ఎందుకని కొట్టేశాను. మూడో రోజు మీనే. వాడు కప్పు పైకెత్తి 'మైన్! మైన్!' అని అరుస్తున్నాడు, క్యూలో వాళ్ళంతా పాపం ఆ కాఫీ వాడిదేననుకున్నారు, నేనూ కాసేపు అలాగే అనుకున్నా.

ఈలోగా పాప నానమ్మ వీడియో కాల్ లో తన తల్లి పేరు ఫాత్మా పెట్టమంది. మంచి పేరే, కానీ ఇక్కడి స్కూల్లో పిల్లలు ఆ స్పెల్లింగులో మొదటి మూడక్షరాలు చూసి ఊరుకుంటారా? ఆ మాట తల్లికి చెప్పే ధైర్యం లేక కొడుకు 'నెట్ కట్టవుతోందమ్మా' అని పెట్టేశాడు, ఏ దేశమైనా కొడుకులు ఇంతే.

నాలుగో రోజు తేలింది. ఎలా. ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన కంటి రంగుకి వాళ్ళు పెట్టుకున్న మాట అది, స్పెల్లింగు మూడంటే మూడే అక్షరాలు, కుర్రాడు ఒక్క తప్పు లేకుండా పిలిచాడు. పాప కళ్ళు తెరిస్తే కదా అసలు రంగేంటో తెలిసేది, అయినా ఫిక్సయిపోయాం. సన్న నడుం గ్లాసులో నాకు మూడు రౌండ్లు టీ పోశారు, ఫాత్మా రెండో పేరుగా పెడతామనేసరికి నానమ్మ కూడా శాంతించింది.

పేరు పెట్టే రోజు వాళ్ళ తాతగారు ఫ్లైట్ దిగి వచ్చారు. వాళ్ళ పద్ధతి ప్రకారం పాప కుడి చెవిలో అజాన్ చెప్పి, పేరు మూడుసార్లు చెప్పాలి. తెనాలిలో మా అమ్మ 'వాళ్ళ బారసాల చూపించరా' అంటే వాట్సాప్ వీడియో ఆన్ చేసి ఓ మూల నించున్నా. పెద్దాయనకి చెవుడో ఏమో, చెవిలో చెప్పాల్సింది ఇల్లంతా వినబడేలా 'ఎలా... ఎలా... ఎలా...' అన్నాడు.

'ఏంట్రా, ఆడపిల్ల పుట్టిందని అంత బాధపడుతున్నాడా ఆ ముసలాయన?' అంది అమ్మ.

'బాధ కాదమ్మా, అది పాప పేరు.'

'ఏం పేరు?'

'ఎలా.'

'ఎలా ఏంట్రా, నీ నోటితో చెప్పు.'

అప్పుడు తట్టింది నాకు. నాలుగు రోజులు ఇంగ్లీషు చెవులు పెట్టుకుని తిరిగా, తెలుగు చెవి ఇంట్లో మర్చిపోయా. ఈలోపు పాప తల్లి వచ్చి 'మీ అమ్మగారికి పేరు నచ్చిందా అబీ, మీ భాషలో ఏమైనా అర్థం ఉందా?' అని ఆశగా అడిగింది. నేను నీళ్ళు నములుతుంటే ఫోన్లోంచి అమ్మ, 'రెండోది పుడితే ఇలా అని పెట్టుకోమని చెప్పరా' అంటోంది.