అమ్మవారి చేతిలో పానపాత్ర

అమ్మవారు రాక్షసుల్ని చంపిన కథ దేవీ మాహాత్మ్యం. అది చెప్పిన మార్కండేయ మహర్షికి ముందుచూపు తక్కువ. 13 అధ్యాయాల్లో 700 మంత్రాలు చెప్పి ఊరుకున్నాడే తప్ప, రేపు దసరాకి ఎవరో ఒకరు మైకు ముందు కూర్చుని దీన్ని కుటుంబ సమేతంగా వచ్చినవాళ్లకి వినిపించాలి కదా అని ఆలోచించలేదు. ఆ లోటు పూడ్చడానికి మన ఆధునిక వ్యాఖ్యాతలు పడుతున్న శ్రమకి తగిన గుర్తింపు రావడం లేదని నా బాధ.

రెండో అధ్యాయమే తీసుకోండి. మహిషుడి మీదికి బయల్దేరే అమ్మవారికి దేవతలు తలా ఒకటి ఇస్తారు. శివుడు శూలం, విష్ణువు చక్రం, వరుణుడు శంఖం, హిమవంతుడు సింహం. ఇక్కడిదాకా వ్యాఖ్యాత గొంతు ఖంగుమంటుంది. తర్వాత కుబేరుడు వచ్చి, ఎప్పటికీ ఖాళీ కాని సురాపాత్ర, అంటే మద్యం గిన్నె, ఇస్తాడు. సరిగ్గా అప్పుడే వ్యాఖ్యాతకి దగ్గు వస్తుంది. మంచినీళ్లు తాగి, ఆ వెంటనే శేషుడిచ్చిన నాగహారం దగ్గర మళ్లీ అందుకుంటాడు.

మూడో అధ్యాయంలో మాత్రం దగ్గు సరిపోదు. మహిషుడు సింహమై, మనిషై, ఏనుగై, మళ్లీ దున్నపోతై కొండలు విసురుతుంటే అమ్మవారు యుద్ధం మధ్యలో ఆగి తాగుతుంది. మళ్లీ మళ్లీ తాగుతుంది. కళ్లు ఎర్రబడతాయి, నవ్వుతుంది, మాట తడబడుతుంది. నేను తాగేదాకా అరుచుకోరా మూఢుడా, నిన్ను చంపాక ఇక్కడే దేవతలు అరుస్తారు అంటుంది. అది అడవి తేనె అని ఒకరి వివరణ. తేనె తాగి మాట తడబడినవాళ్లని నేను చూడలేదు గానీ, పెద్దలన్నాక ఒప్పుకోవాలి. బ్రహ్మానంద రసం అని ఇంకొకరు. ఇది ఇంకా సేఫ్, ఏ పరీక్షకీ దొరకదు.

రాక్షసుల సంగతి తేలిక. మహిషుడు మనలోని బద్ధకం, నేల మీద పడ్డ ప్రతి రక్తపు చుక్కకీ ఇంకో రాక్షసుడు పుట్టుకొచ్చే రక్తబీజుడు నెగెటివ్ థాట్స్, అమ్మవారి వెయ్యి చేతులు మల్టీటాస్కింగ్. అందరూ మన లోపలే ఉన్నారు కాబట్టి బయట ఎవరితోనూ గొడవ లేదు. శుంభుడనే రాక్షసరాజు అమ్మవారికి పెళ్లి కబురు పంపుతాడు. యుద్ధంలో నన్ను గెలిచినవాడినే చేసుకుంటానంటుంది ఆమె. దానికి వాడు తన సేనాని ధూమ్రలోచనుణ్ని పిలిచి, జుట్టు పట్టుకుని ఈడ్చుకురమ్మంటాడు. ఇలాంటివాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు, పోలీసు కేసుల్లోనూ కనిపిస్తారు. కానీ శుంభుడంటే అహంకార తత్త్వం అని తేల్చేశాక, ఇంట్లో ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకునేవాడు కూడా ముందు వరసలో కూర్చుని నిశ్చింతగా నోట్సు రాసుకోవచ్చు. అమ్మవారి హుంకారంతో బూడిదైన ధూమ్రలోచనుడికి మటుకు ఈ తత్త్వం సమయానికి అందలేదు, పాపం.

నాకు ఈ కథలో ఇష్టమైనవాళ్లు, అడవిలో ఒక ముని నోట దీన్నంతా విన్న సురథుడనే రాజు, సమాధి అనే వైశ్యుడు. రాజ్యం పోయి అడవిలో పడ్డా, నా ఏనుగుకి మేత సరిగ్గా పెడుతున్నారో లేదో, ఖజానా తగలేస్తున్నారేమో అని టెన్షన్ పడే రాజు ఒకరు. డబ్బు లాక్కుని గెంటేసిన పెళ్లాం పిల్లలు ఎలా ఉన్నారో అని కుమిలిపోయే వైశ్యుడు ఇంకొకరు. మూడేళ్లు పూజ చేశాక వైశ్యుడు జ్ఞానం అడుగుతాడు, రాజు రాజ్యమే అడుగుతాడు. అమ్మవారు రాజుకి కౌన్సెలింగేమీ ఇవ్వదు. కొద్ది రోజుల్లో నీ రాజ్యం నీకొస్తుంది అంటుంది, అంతే.

వ్యాఖ్యాత అంత తేలిగ్గా వదలడు. జగన్మాత ఎదురుగా నిలబడితే అడగాల్సింది ఇదా అని సురథుణ్ని అరగంట చీవాట్లు పెడతాడు. లౌకికమైన కోరికలు ఎంత తుచ్ఛమో చెప్పి, ప్రసంగం ముగించి, దాని వీడియో కింద పట్టిక పెడతాడు: ఏ అధ్యాయం పారాయణ చేస్తే ప్రమోషన్, ఏది చేస్తే వీసా, ఏది చేస్తే ఆగిన పెళ్లి, ఏ రోజు ఏ రంగు చీర. రక్తబీజుడు చచ్చే ఎనిమిదో అధ్యాయానికి ఎదురుగా ఇంకా ఏమీ రాయలేదు. అద్దెకి మంచి కుటుంబం దొరుకుతుందని రాస్తే ఈ రాత్రే మొదలుపెడతాను, మా కింది పోర్షన్ ఖాళీగా ఉంది.