జీడిపప్పు తరుగు

బంగారం కొనేటప్పుడు తరుగు ఎంత శాతమని షాపువాణ్ణి నిలదీసే జాతి మనది. ఇంట్లో మసాలా జీడిపప్పు వేయించినప్పుడు మాత్రం తరుగు మాట ఎవరూ ఎత్తరు. ఈ నిర్లక్ష్యం ఇంకెన్నాళ్లని సూటిగా అడుగుతున్నాను.

మొన్న శనివారం ముసురు పట్టింది. మసాలా కాజు ప్యాకెట్ మీద ధర చూసి, "ఇంట్లో చేసుకుంటే ఇందులో సగం కూడా కాదు" అనేశాను. హైదరాబాద్‌లో ఆ మాట నోరు జారినవాడు బేగంబజార్ వెళ్లక తప్పదు. ఎంజీబీఎస్ దాకా మెట్రో, అక్కణ్ణించి ఆటో. ఆ ఖర్చు లెక్కలో రాయలేదు.

"గుండ్లా, బద్దలా?" అన్నాడు కొట్టాయన. వేయించి కారం చల్లే సరుక్కి బద్దలు చాలు, పైగా చవక. పరువు కోసం గుండ్లు అన్నాను. డబ్బా మీద డబ్ల్యూ 320 అని ఉంది. అంటే పౌనుకి, అనగా 454 గ్రాములకి, 300 నుంచి 320 పలుకులు. అరకిలోకి 330కి తగ్గకూడదు. ఇంటికొచ్చి ఈ సంగతి అందరికీ చెప్పాను. ఎవరూ అడగలేదు. అయినా లెక్కపెట్టాను. 341.

పల్లీలు వేయించుకోవచ్చుగా అంటారేమో. ట్యాంక్‌బండ్ మీద వేడి వేడి పొట్లం దొరికే ఊళ్లో ఆ పని చేస్తే బండివాడి పొట్ట కొట్టినట్టే. పైగా పల్లీ కందులకూ పెసలకూ చుట్టం. జీడిపప్పు చుట్టరికం మామిడితో. హోదా చూసుకోవాలి కదా!

మూకుడులో రెండు చెంచాల నెయ్యి వేసి, సన్న సెగ మీద మొదటి వాయి దింపాను. బంగారు రంగు రాగానే పొయ్యి కట్టేసి, ఫోన్ మోగుతుంటే వెళ్లాను. తిరిగొచ్చేసరికి బంగారం ఇనుమైంది. పొయ్యి కట్టేసినా మూకుడు కట్టుబడదు. "రంగు తిరగబోతోంది అనగానే పళ్లెంలోకి తీసెయ్యాల్రా" అంది అమ్మ, అంతా అయ్యాక. రెండో వాయిలో కాగుతున్న నేతిలోనే కారం వేశాను. కారం నల్లబడింది, ఎదురు ఫ్లాట్‌వాళ్లు కూడా దగ్గారు. మూడో వాయికి బుద్ధొచ్చింది. పళ్లెంలోకి తీసి, నెయ్యి తడి ఆరకముందే కారం, చాట్ మసాలా, వేయించిన కరివేపాకు కలిపాను. ఉప్పు మిక్సీలో తిప్పి మెత్తగా చేశాను. లేకపోతే ఉప్పంతా డబ్బా అడుగుకి, చప్పటి పప్పు మన నోటికి.

అసలు తరుగు ఇక్కడ మొదలవుతుంది. దాని అధికారిక నామం రుచి చూడటం. జీడిపప్పు వేడి మీద మెత్తగా ఉంటుంది, చల్లారాకే కరకరలాడుతుంది. కాబట్టి వేడి మీద చూసిన రుచి చెల్లదు, చల్లారాక మళ్లీ చూడాలి. ఇది శాస్త్రం, నా నోటి దురద కాదు. మా ఆవిడ "కారం తక్కువైందేమో, ఏదీ ఇంకోటి ఇటివ్వండి" అంటూ నాలుగుసార్లు సందేహపడింది. రోజుకో గుప్పెడు, అంటే ఓ 30 గ్రాములు, ఒంటికి మంచిదంటారు. ఎవరి గుప్పెడో కూడా చెప్పాల్సింది. మా వాడు వికెట్‌కీపర్.

"మీ నాన్న నాకు గాజులు చేయించినప్పుడు కూడా ఇంత తరుగు తీయలేదురా" అంది అమ్మ, నములుతూనే.

అందుకే నా డిమాండ్ ఒకటే. ప్రతి ఇంట్లో రుచి చూడటానికి శాతం ఇంతని ముందే ప్రకటించి వంటింటి గోడకి అంటించాలి. మాడినవి మజూరీ కింద రాసుకోవచ్చు. ఆధారంగా మా డబ్బా లెక్క జతచేద్దామని రాత్రి అందరూ పడుకున్నాక కూర్చుని లెక్కపెట్టాను. 187 ఉన్నాయి. అచ్చుకి పంపే లెక్క కదా, తప్పు పోకూడదని ఇంకోసారి లెక్కపెట్టాను.

179.