బొమ్మ కాదండీ, క్రాలర్!

“ఇంత సొమ్ము పోసీసి కట్టావు, మనిషి నడక కన్నా మెల్లిగెల్తాదేట్రా ఇది?” అన్నారు మా బావగారు. ఆ మాట అని ఊరుకున్నా బాగుండేది. నా చేతిలోంచి రిమోటు లాక్కుని ట్రిగ్గరు చివరికంటా నొక్కి పట్టేశారు. నాది క్రాలర్, అంటే రాళ్ళ మీద మెల్లగా ఎక్కించే చిన్న రిమోటు బండి. అప్పటికి దాని ముందు చక్రం ఒడిశాలో మా రాయగడ పక్కనున్న హాతీపథర్ దగ్గర, నాగావళి ఒడ్డున, రెండు బండల సందులో ఇరుక్కుని ఉంది. కదల్లేదు. “ఎల్లదేటి, ఎల్లదేటి” అంటూ ఆయన ఇంకా నొక్కారు. నేను రిమోటు అందుకునేసరికి వార్నిషు కాలిన వాసన వచ్చేసింది. 55 టర్న్ మోటారు పోయింది. “పోన్లే, బొమ్మే కదా, ఇంకోటి కొనుక్కో” అని ఆయన పకోడీల బండి వైపు వెళ్ళిపోయారు. బొబ్బిలి నుంచి పండక్కి వచ్చిన మనిషి, అక్క మొగుడు, ఎదురుగా ఏమీ అనలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బొమ్మంట.

మోటారు తిరుగుతున్నంతసేపూ తనలో తనే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటును అదుపులో ఉంచుకుంటుంది. తిరగడం ఆగిందా, ఆ అడ్డు పోతుంది. నా బండికి ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకు వేసి ఉంది, అంటే కుడి ఎడమ చక్రాలు కలిసే తిరుగుతాయి, కాబట్టి ఒక్క చక్రం ఇరుక్కుంటే నాలుగూ ఆగిపోతాయి. మూడు సెల్లుల లైపో (లిథియం) బ్యాటరీ, నిండుగా ఛార్జి చేస్తే 12.6 వోల్టులు. అది ఇచ్చే కరెంటంతా తీగచుట్టలోనూ బ్రష్షుల్లోనూ వేడై కూర్చుంటుంది. క్రాలర్ నడపడం తెలిసినవాడు బండి ఇరుక్కోగానే వేలు తీసేస్తాడు. కొంచెం వెనక్కి తెచ్చి, స్టీరింగు తిప్పి, ఇంకో దారి చూస్తాడు. మా వీధిలో బడికెళ్ళే గుంటడికి కూడా ఈ సంగతి తెలుసు, నేనే నేర్పాను. ఇంజనీరింగు చదివిన మా బావగారికి మాత్రం తెలియదు, చెప్పబోతే వినరు.

మెల్లగా వెళ్ళడమే దాని పని! 55 టర్న్ అంటే మోటారు లోపల తిరిగే ఆర్మేచరు ఒక్కో పోలు మీద తీగ అన్ని చుట్లు చుట్టి ఉంటుందని. చుట్లు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, నత్తనడక మీద అదుపు పెరుగుతుంది. ట్రిగ్గరు వదిలేస్తే డ్రాగ్ బ్రేకు పట్టుకుని బాగా ఏటవాలు బండ మీద కూడా బండి జారకుండా నిలబడుతుంది. పోటీల్లో ఎవడు ముందొచ్చాడని చూడరు. రాళ్ళ మధ్య గేట్లు పెడతారు. గేటుకి తగిలితే పాయింట్లు పడతాయి, వెనక్కి వేస్తే పాయింటు పడుతుంది, తక్కువ పాయింట్లున్నవాడే గెలుస్తాడు. తొందరపడ్డవాడు ఓడిపోయే ఆట ఇది. ఇందులో బుర్ర కావాలి, ఓపిక కావాలి, రాయిని చదవడం రావాలి.

పైగా నాది పెట్టెలోంచి తీసి నేల మీద పెట్టిన బండి కాదు. 1987లో టామియా అనే జపాను కంపెనీ వాళ్ళు క్లాడ్ బస్టర్ అని పెద్ద చక్రాల రిమోటు ట్రక్కు తెస్తే, జనం దాని ఇరుసులు పీకి సొంతంగా క్రాలర్లు కట్టుకున్నారు. ఈ ఆట పుట్టిందే అలా, ఉన్నదాన్ని విప్పి మనకి కావలసింది కట్టుకోవడంలో. నేనూ అదే చేశాను. ఛాసిస్ పట్టాలు 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కోయించి చేసుకున్నాను. ఇరుసులు పోర్టల్ రకం. అంటే చక్రం దగ్గర ఇంకో జత గేర్లుండి ఇరుసు గొట్టం చక్రం నడిమధ్య కన్నా పైకి లేచి ఉంటుంది, కింద రాయి తగలదు. యూనిమాగ్ ట్రక్కుల్లో ఉండేది ఇదే ఏర్పాటు. 2017లో ట్రాక్సస్ కంపెనీ వాళ్ళ టీఆర్ఎక్స్-4 క్రాలర్ వచ్చాక చిన్న బండ్లలో కూడా అందరికీ అలవాటైంది. బ్యాటరీని ముందు ఇరుసు మీదకి జరిపాను, ముందు చక్రాల్లో ఇత్తడి బరువులు వేశాను. ఎక్కేటప్పుడు ముందు భాగం లేచిపోయి వెల్లకిలా పడకూడదంటే బరువు కిందా ముందూ ఉండాలి. ముందు చక్రాలు వెనక వాటి కన్నా ఒక పిసరు ఎక్కువ తిరిగేలా గేర్లు మార్చాను, మలుపులో బండిని ముందు చక్రాలు లాక్కుపోతాయి. టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. ముందు వాటికి మెత్తది, వెనక వాటికి కొంచెం గట్టిది. ఎన్ని రాత్రులు కూర్చుని కోసి, తీసి, మళ్ళీ వేశానో నాకే తెలుసు.

ఇరుసుల్ని పట్టుకునే లింకులు మాత్రం మా ఊరి లేత్ మేస్త్రి చేసిచ్చాడు. 6 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ, రెండు కొసలా మర కోసి. ఆ మనిషి ఒక్కసారైనా “ఇది దేనికి, పిల్లలకా?” అని అడగలేదు. బండి చేతిలోకి తీసుకుని కింద నుంచి చూసి, “బాబూ, కింద లింకులు తిన్నగా ఉంటే రాయికి తగులుకుంటాయి, కొంచెం పైకి వంచుదామా?” అన్నాడు. అమెరికాలో పెద్ద పెద్ద క్రాలర్లు కట్టేవాళ్ళు చేసేది అదే. ఈయన ఏ వీడియో చూడలేదు, పనిముట్టు చూసి చెప్పాడు. అదండీ మర్యాద అంటే.

పై బాడీ కమాండర్ జీపు. కొండ ఊళ్ళ నుంచి చాటికొన బుధవారం సంతకి టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకుని తిరిగిన ఆ పాత కమాండర్. ప్లాస్టిక్ రేకు కోసి అతికించాను, వెనక మెట్టు, పైన సామాను క్యారేజీ, అన్నీ. అలాంటి బాడీ ఎక్కడా అమ్మరు. అమెరికా జీపులు దొరుకుతాయి, జపాను జీపులు దొరుకుతాయి. మన ఘాటీల్లో నిజంగా తిరిగిన బండి కావాలంటే మనమే కట్టుకోవాలి.

దీన్ని బొమ్మ అనేవాళ్ళే, బుల్లెట్‌కి సైలెన్సరు పీకించి నడిరాత్రి వీధిలో ముసలాళ్ళ నిద్ర చెడగొట్టే కుర్రాణ్ణి “మావాడికి బళ్ళంటే పిచ్చి” అని మురిసిపోతూ చెప్పుకుంటారు. నాది చప్పుడు చెయ్యదు, పొగ వదలదు, ఎవరి దారికీ అడ్డం రాదు. నాది మాత్రం పనికిమాలిన పని!

సరే, మోటారు కొందామని కూర్చున్నాను. హైదరాబాదులో ఉన్న దుకాణానికి ఫోను చేస్తే పిన్‌కోడ్ అడిగి “ఒడిశానా సార్, మీకు డెలివరీ లేదు” అన్నాడు. లైపో బ్యాటరీకి అలా అంటే ఒప్పుకుంటాను. లిథియం సరుకు విమానంలో పంపడానికి బోలెడు ఆంక్షలున్నాయి, మండే వస్తువు, అది సబబే. మోటారుకేమొచ్చింది? ఇనుము, రాగి. రైలెక్కిస్తే విజయనగరం దాటి రాయగడలో దిగుతుంది, ఇదేమన్నా చంద్రమండలమా? పార్వతీపురం దాకా పంపుతాడట, అక్కడ తెలిసినవాళ్ళుంటే తీసుకోమన్నాడు. గట్టిగా చూస్తే రైల్లో గంటన్నర దూరం. అటు పక్క ఊరు ఊరే, ఇటు పక్క ఊరు ఊరు కాదు.

ఈ మాట నాకు కొత్త కాదు. ఆమధ్య విశాఖలో క్రాలర్లు ఉన్నవాళ్ళంతా కలుస్తున్నారంటే బండి సంచిలో పెట్టుకుని ఎంత ఆశగా వెళ్ళానో! ఫారంలో రాష్ట్రం అని ఉంది, ఒడిశా అని రాశాను. చూసి “మీరు గెస్టు సార్” అన్నారు. నడపొచ్చు, పాయింట్లు వెయ్యరు. నేను అందరికన్నా తక్కువ తగుళ్ళతో గేట్లు దాటాను, అక్కడున్నవాళ్ళు చూశారు. చివర్లో ఒకాయన వచ్చి భుజం తట్టి, “బండి సూపరండీ, మీ తెలుగు కూడా బానే ఉంది” అన్నాడు.

నా తెలుగు బానే ఉందట! బండికి బహుమతి రాలేదని నాకు బాధ లేదు, ఈ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మా నాయనమ్మ పాటలన్నీ తెలుగే, మా ఇంట్లో తిట్లన్నీ తెలుగే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ జయపురం సీమంతా విశాఖపట్నం జిల్లాయే కదా? మావాళ్ళు ఎక్కడికీ కదల్లేదు, ఉన్నచోటే ఉన్నారు. ఇక్కడ ఏ ఆఫీసుకైనా వెళ్తే “మీరు ఆంధ్రోళ్ళు కదా” అంటారు. అక్కడికి వస్తే గెస్టు. ఒడియా నాకు నోటినిండా వచ్చు, స్నేహితుల్లో సగంమంది ఒడియా వాళ్ళే, ఆ భాష మీద నాకేం కోపం లేదు. కోపమంతా నన్ను చూసి చుట్టాన్ని పలకరించినట్టు పలకరించే నా తెలుగువాళ్ళ మీదే.

ఆదివారం పూట నది ఒడ్డుకి నా వెనక వచ్చే పిల్లలందరూ తెలుగే మాట్లాడతారు. ఒక్కడికీ తెలుగు చదవడం రాదు. బళ్ళో తెలుగు పంతులు లేడు, పుస్తకం లేదు. గేరు నిష్పత్తి ఎలా లెక్కెయ్యాలో, సెల్లు 3.2 వోల్టుల కిందకి ఎందుకు దిగకూడదో తెలుగులో రాసి వాళ్ళకిద్దామని కూర్చుంటే, రాసింది నేనే చదివి వినిపించాలి. ఈ పోస్టూ అంతే. విశాఖలో, హైదరాబాదులో ఉన్నవాళ్ళు చదువుతారు గానీ, ఆ బండి నడిపే పిల్లలు చదవలేరు. దీని గురించి ఎవరైనా ఒక్క సభ పెట్టారా? భాష కోసం మైకులు పట్టుకునే పెద్దమనుషులు ఎవరైనా సరిహద్దులోని కూనేరు దాటి ఇటు వచ్చారా?

ఇప్పుడు అసలు పని. విశాఖలో గానీ విజయనగరంలో గానీ ఎవరి దగ్గరైనా 55 టర్న్ బ్రష్డ్ మోటారు, 540 సైజుది, ఉంటే చెప్పండి. వాడినదైనా ఫరవాలేదు, కమ్యుటేటరు బాగుంటే చాలు. డబ్బు ముందే పంపుతాను. కొరియరు గొడవే వద్దు, రాయగడ వచ్చే రైల్లో ఎవరైనా తెలిసినవాళ్ళ చేతికిస్తే స్టేషనుకి నేనే వచ్చి తీసుకుంటాను. వచ్చే ఆదివారం లోపల కావాలి, పిల్లలు ఇప్పటికే అడుగుతున్నారు.