బ్రేక్ మాది, త్రూ వేరేవాళ్లది

విజయనగరంలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే చోట్ల 'బ్రేక్ త్రూ' అనే జంట క్రియకు 'అడ్డంకిని ఛేదించుకుని ముందుకు పోవడం' అని అర్థం చెబుతారు. ఉదాహరణకు మబ్బులు చీల్చుకుని వచ్చే సూర్యుణ్ణి పిలుస్తారు. అంతా సరైనదే. చిక్కల్లా పని పంపకంలో ఉంది. బ్రేక్ అంటే పగలగొట్టడం, త్రూ అంటే అవతలికి చేరడం. ఆంగ్లేయుడు రెండింటినీ ఒకే కర్త నెత్తిన పెట్టాడు. మన పరిపాలనకు అంత కాఠిన్యం లేదు. బ్రేక్ ఒక శాఖకు, త్రూ మరో శాఖకు ఇచ్చింది.

మా వీధిలో మంచినీటి గొట్టం కోసం రోడ్డు తవ్వారు. బ్రేక్ దిగ్విజయంగా పూర్తయింది. బిల్లు కూడా అయిందని వినికిడి. త్రూ ఇంకా అంచనాల దశలో ఉంది. మేస్త్రీని అడిగితే, "తవ్వడం వరకే మాకిచ్చారు బాబూ, పూడ్చేవాళ్లు వేరే" అన్నాడు. ఆ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటి లేదు. ఎదురింటి మామ్మగారు మాత్రం గోతి మీద చెక్కబల్ల వేయించుకుని రోజూ పాలు తెచ్చుకుంటున్నారు. ఇంగ్లీషు రాని ఆవిడ ఏ శాఖ అనుమతీ లేకుండా త్రూ ఒక్కటే వాడేస్తున్నారు. ఇది నిబంధనలకు విరుద్ధం.

ఇంకో సూక్ష్మం. క్రియ అయితే రెండు మాటలూ విడిగా రాయాలి, కలిపి రాస్తే నామవాచకం. శంకుస్థాపన సభల్లో ఎప్పుడూ నామవాచకమే ఎందుకు వినిపిస్తుందో ఇప్పుడు తెలిసింది. క్రియకు కర్త కావాలి, కాలం కావాలి. నామవాచకానికి పూలదండ చాలు.

ఈ క్రమశిక్షణ పూర్వం మన ప్రాంతంలో లేదని విచారంతో చెప్పాలి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గ్రాంథికం గోడను కొట్టి ఊరుకోలేదు. వాడుక భాషను తానే వెంటబెట్టుకుని అవతలికి నడిపించారు. పైగా సవర భాషకు నిఘంటువు కూర్చారు, అది ఏ శాఖ కిందికొస్తుందో కనుక్కోకుండానే. ఆ జిల్లా అమ్మాయే కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. బరువును భుజాల దాకా తెచ్చి, పైకెత్తే పని మరొకరిదని ఆవిడ ఆగిందా? సమన్వయ సంఘం వేయకుండా ఇలా ఎత్తేస్తే వ్యవస్థ ఏమైపోవాలి?

శుభవార్త ఏమిటంటే, మా వీధి త్రూకు ఎట్టకేలకు టెండరు పిలిచారు. దరఖాస్తులు ఆఫీసులో స్వయంగా ఇవ్వాలట. ఆఫీసు గోతికి అవతల ఉంది.