మధురవాడ స్థలం, గలీషియా సింహాసనం

మధ్యయుగపు రాజుల్ని ఆడించే క్రూసేడర్ కింగ్స్ 3 అనే కంప్యూటర్ గేము ఆడేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఏ రాజుతో మొదలుపెడితే తొందరగా మట్టి కరుస్తాం? ఎక్కువమంది ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ పేరు చెబుతారు. 1066 సెప్టెంబరు 15న ఆట తెరుచుకునేసరికే ఆయన నెత్తిన రెండు యుద్ధాలుంటాయి. ఒకటి నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడాతో, ఇంకోటి నార్మండీ విలియంతో. ఇద్దరికీ ఆయన కూర్చున్న కుర్చీయే కావాలి. అసలు చరిత్రలో ఆ హెరాల్డ్ సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి దగ్గర మొదటివాణ్ణి ఓడించి, సైన్యాన్ని హడావిడిగా దక్షిణానికి తోలుకొచ్చి, అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో రెండోవాడితో పోరాడుతూ పోయాడు.

మా బావమరిది బుజ్జి మాత్రం హెరాల్డ్‌ని లెక్కలోకే తీసుకోడు. "బయటి శత్రువు కనీసం పడవెక్కి రావాలి బావా. అన్నదమ్ములకి ఆ ఖర్చు కూడా ఉండదు" అంటాడు.

వాడి లెక్కలో అందరికన్నా కష్టమైన రాజు గార్సియా. స్పెయిన్‌లో ఫెర్డినాండ్ అనే రాజు 1065 చివర్లో పోతూ పోతూ రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకీ పంచాడు. పెద్దవాడు సాంచోకి కాస్టీల్, రెండోవాడు అల్ఫోన్సోకి లియోన్, చిన్నవాడు గార్సియాకి గలీషియా. గేములో ఒక్కొక్కరికీ మిగతా ఇద్దరి వాటాల మీదా హక్కుంటుంది. కాకపోతే హక్కుని యుద్ధంగా మార్చేంత సైన్యం చిన్నవాడి దగ్గర ఉండదు.

ఈ గేము గురించి తెలియనివాళ్ళకి ఓ మాట. ఇందులో యుద్ధాల కన్నా వారసత్వం పెద్ద తలనొప్పి. రాజు పోతే రాజ్యం కొడుకులందరి మధ్యా ముక్కలవుతుంది. మొత్తం పెద్దకొడుక్కే పోయే చట్టం కావాలంటే మధ్యయుగం చివరి దశ దాకా బతికి బట్టకట్టాలి. అందుకే మామూలుగా చీమకి కూడా హాని చెయ్యని పిల్లలు ఈ గేము ముందు కూర్చుంటే ఒక కొడుకుని మఠంలో చేర్పించి, ఇంకోణ్ణి వారసత్వం నుంచి తప్పించి, మిగిలినవాణ్ణి చడీచప్పుడూ లేకుండా లేపేసే ఉపాయాలు వేస్తుంటారు. హత్య ఎంత శాతం ఫలిస్తుందో, గుట్టు ఎంత శాతం దాగుతుందో తెర మీద అంకెలు కనిపిస్తాయి. దయాగుణం ఉన్న రాజు చేత ఆ పని చేయిస్తే ఆయనకి టెన్షన్ పెరుగుతుంది. దాన్ని కొలిచే లెక్క కూడా ఉంది.

ఆ ఆదివారం సీతమ్మధారలో మా మావగారింట్లో సరిగ్గా వారసత్వం సభే జరుగుతోంది. తాతగారు మధురవాడలో కొన్న 300 గజాల స్థలాన్ని పంచుకోవాలి. ముగ్గురు అన్నదమ్ములు. మా మావగారు పెద్దవారు. రెండో మావయ్య స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు, పిల్లల్లేరు. చిన్న మావయ్యకి గాజువాకలో షాపుంది. బుజ్జికి గేమింగ్ లాప్‌టాప్ కొనిచ్చింది ఈయనే, ఆ విషయం గుర్తుంచుకోండి. వీళ్ళ అక్క, విజయనగరం అత్తయ్య, "నేను ఊరికే చూసిపోడానికొచ్చాను" అంటూ లింకు డాక్యుమెంట్ల జిరాక్సులతో సహా వచ్చారు. పెద్దమనిషిగా వీధి చివర ఉండే హిస్టరీ మాస్టారు కూర్చున్నారు. నేను అల్లుణ్ణి కాబట్టి పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

గొడవంతా కార్నర్ బిట్టు దగ్గర ఆగింది. చిన్న మావయ్య అది తనకే కావాలంటున్నారు. రెండో మావయ్య కుదరదంటున్నారు. ఈలోగా ట్రేలో కాఫీలు వచ్చాయి. ఎవరి కప్పు వాళ్ళు అందుకుని ఊదుకుంటుండగా, హాలంతా ఒక్క క్షణం సద్దుమణిగిన ఆ సమయంలో, పక్కగదిలోంచి బుజ్జి గొంతు ఖంగుమంది. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి తాము అరుస్తున్నట్టు తెలియదు కదా.

"ముందు రెండోవాణ్ణి లేపేద్దాంరా. పిల్లల్లేరు, అడిగేవాడుండడు."

రెండో మావయ్య కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"వాడి వాటా పెద్దోడికి పోతుంది. పోనీ. ఆ తర్వాత పెద్దోణ్ణి చూసుకుందాం. మొత్తం చిన్నోడిదే."

ఇప్పుడు మా మావగారి కప్పు కూడా ఆగింది. అన్నలిద్దరూ నెమ్మదిగా చిన్న మావయ్య వైపు తిరిగారు. ఆయన మొహంలో రంగు పోయింది. లాప్‌టాప్ ఖరీదు అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది.

"ఇంట్లోవాళ్ళనే ఇద్దర్ని తిప్పుకున్నాను. 78 శాతం ఛాన్సు. విషమైతే బెస్టు, ఎవరికీ అనుమానం రాదు."

రెండో మావయ్య కప్పులోకి చూశారు. కప్పు తెచ్చిన మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ "చక్కెర తక్కువైందా అండీ?" అన్నారు. ఆయన జవాబు చెప్పకుండా కప్పుని టీపాయ్ మీద, తనకి అందనంత దూరంలో పెట్టేశారు.

ఆ మాటలేమిటో నాకు మొదటి వాక్యానికే అర్థమైంది. కానీ ఆస్తి పంపకాల్లో అల్లుడు నోరు విప్పితే దానికి వంద అర్థాలు తీస్తారు. పైగా, నిజం చెప్పొద్దూ, అంతసేపటి చర్చలో మొదటిసారి సరదాగా అనిపించింది.

మా మావగారు లేచి తలుపు తోశారు. "ఏటిరా బుజ్జీ, నన్ను ఎప్పుడు చూసుకుంటావు?"

బుజ్జి హెడ్‌సెట్ తీసి, తండ్రిని, వెనకాల నిలబడ్డ బాబాయిలని చూసి, "మిమ్మల్ని కాదు నాన్నా, సాంచోని" అన్నాడు.

"సాంచో ఎవడు?"

"మా అన్నయ్య."

వాడికి అన్నయ్య లేడు. ఆ ముక్క సర్దిచెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది. అందరూ మంచం మీద వరసగా కూర్చుని తెర చూశారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "వీళ్ళు నిజంగా ఉన్నవాళ్ళేనయ్యా" అంటూ పాఠం అందుకున్నారు. అన్నలిద్దరూ కలిసి 1071లో చిన్నవాడి గలీషియాని లాక్కుని పంచుకున్నారట. ఏడాది తిరక్కుండానే పెద్దవాడు రెండోవాణ్ణి ఓడిస్తే అతను టొలెడో పారిపోయాడట.

"చిన్నోడేమయ్యాడు?" అన్నారు చిన్న మావయ్య.

"రెండోవాడి దశ తిరిగాక, 1073లో, మాట్లాడుకుందాం రమ్మని పిలిచి ఖైదులో పడేశాడు. 1090లో అందులోనే పోయాడు పాపం. పదిహేడేళ్ళు."

ఆ ఉదయం చిన్న మావయ్యని కూడా "ఓసారి మాట్లాడుకుందాం రా" అనే పిలిచారు. ఆయన గది గుమ్మం ఎటుందో ఓసారి చూసుకున్నారు.

"మన దగ్గర ఇలాంటివి లేవు గదా మాస్టారూ" అన్నారు మా మావగారు, ఇంటి పరువు నిలబెట్టడానికి.

"ఎందుకు లేవు? రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుణ్ణి సవతి తమ్ముడు విజయాదిత్యుడు కంటినిండా నిద్రపోనిచ్చాడా? అన్నదమ్ముల ఆస్తి తగాదా కథని తెలుగులో రాయమని నన్నయని ఆ రాజు ఊరికే అడిగాడనుకున్నారా?"

నన్నయ విషయంలో మాస్టారిది సొంత కవిత్వమే అయినా, చెప్పిన సమయం మాత్రం గొప్పగా కుదిరింది.

అప్పటిదాకా నోరెత్తని విజయనగరం అత్తయ్య ముందుకి జరిగారు. "ఆ ఫెర్డినాండ్‌కి ఆడపిల్లలు లేరా?"

"ఉన్నారమ్మా. ఉర్రాకాకి జమోరా, ఎల్విరాకి తోరో ఇచ్చాడంటారు."

"అప్పుడే ఇచ్చాడా! మనకి ఎన్టీ రామారావు వచ్చాక గానీ చట్టం రాలేదు." అత్తయ్య జిరాక్సుల కవరు ఒళ్ళోకి తీసుకున్నారు. "మరి ఆ జమోరా ఉంచారా, అదీ లాక్కున్నారా?"

"లాక్కుందామని సాంచో 1072లో ముట్టడించాడు. ఆ ముట్టడిలోనే, అక్క కోట గోడల బయట, ఎవరో పొడిచి చంపేశారు."

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అత్తయ్య తమ్ముళ్ళు ముగ్గురినీ వరసగా చూసి, "చల్లారిపోయింది, కాఫీ తాగండర్రా" అన్నారు. ఎవరూ కప్పు ముట్టుకోలేదు.

హాల్లోకి తిరిగొచ్చాక చర్చ చాలా మర్యాదగా నడిచింది. చిన్న మావయ్య తనకి వెనక బిట్టయినా పర్వాలేదన్నారు. గేటు మాత్రం తన వైపు ఉంటే చాలట. రెండో మావయ్య తనకి కార్నర్ మీద మొదట్నుంచీ మోజు లేదన్నారు. మా మావగారు రోడ్డు పోటు ఉన్న స్థలం మగపిల్లలకి అచ్చిరాదని ఎక్కడో విన్నారట. అలా ముగ్గురూ మూడు వైపుల నుంచి తోసిన కార్నర్ బిట్టు అక్కగారి ఒళ్ళో పడింది. ఆవిడ రెండుసార్లు వద్దని, మూడోసారి హద్దులు అడిగారు.

తర్వాతి వారం డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి నేనే తోడు వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండా, "తోబుట్టువు మీద గల ప్రేమాభిమానములతో, ఎవరి ఒత్తిడీ లేకుండా" అని గబగబా రాసుకుపోతుంటే, తమ్ముళ్ళు ముగ్గురూ ఒకేసారి తలూపారు.