జులైలో ఎగరని గద్దకు షోకాజ్ నోటీసు

బయన్-ఉల్గీ గద్దలు వేసవిలో డ్యూటీ చేయడం లేదు. ఇన్నేళ్ళుగా ప్రపంచం నలుమూలల నుంచి వినియోగదారులు వెళ్ళి, డబ్బు కట్టి, నిరాశతో తిరిగొస్తున్నా దీని మీద చర్య తీసుకున్న నాథుడు లేడు. ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

విషయం తెలియనివారి కోసం కొంత పూర్వరంగం. మంగోలియా పటంలో పడమటి కొసన, రష్యా చైనాల మధ్య ఇరుక్కుని ఆల్టాయ్ పర్వతాలున్నాయి. అక్కడి బయన్-ఉల్గీ ప్రాంతంలో అత్యధికులు కజక్‌లు. గొర్రెలు, మేకలు, గుర్రాలు, యాక్‌లు మేపుకుంటూ గడ్డినిబట్టి మకాం మారుస్తారు. వాళ్ళలో కొన్ని కుటుంబాలవాళ్ళు గోల్డెన్ ఈగిల్ అనే పెద్ద గద్దను సాకి, చలికాలంలో గుర్రమెక్కి దానితో నక్కలను వేటాడతారు. వాళ్ళను బుర్కిత్షీలంటారు. గద్దలతో, డేగలతో వేటాడే ఈ విద్యను 2010లో యునెస్కో మానవాళి వారసత్వాల జాబితాకు ఎక్కించింది. అర్జీ పెట్టుకున్న దేశాల్లో మంగోలియా కూడా ఉంది. మానవాళి వారసత్వం అన్నాక మానవాళికి సెలవులు ఎప్పుడో కనుక్కోవాలి కదా.

గద్ద తరఫున వినిపిస్తున్న సంజాయిషీ ఇదీ. వేసవిలో అది పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. ఆ నెలల్లో వేటగాడు దాన్ని తుగిర్ అనే కొయ్య దిమ్మ మీద కూర్చోబెట్టి కడుపారా మేపుతాడు. ఈక ఎదుగుతున్న రోజుల్లో తిండి తగ్గిస్తే ఆ ఈకకు అడ్డంగా బలహీనమైన గీత పడుతుంది, తర్వాత వేటలో సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఇక కడుపునిండిన గద్ద ఎగరదు. ఎగిరినా తిరిగి రావాల్సిన అవసరం దానికి కనిపించదు. అందుకని శరదృతువులో కొన్ని వారాలపాటు మాంసాన్ని నీళ్ళలో కడిగి, నానబెట్టి, నెత్తురూ సారమూ పోయి పాలిపోయిన ముక్కలు పెడతారు. కడుపు నిండుతుంది, ఒళ్ళు తగ్గుతుంది. మరీ తగ్గితే చలికి నీరసించి చచ్చిపోతుంది. చాలినంత తగ్గకపోతే వేటగాణ్ణీ మిమ్మల్నీ ఒకే చూపు చూసి పక్క కొండకు వెళ్ళిపోతుంది. రొమ్ము ఎముకకు అటూఇటూ కండ ఎంతుందో వేళ్ళతో తడిమి, ఇవాళ ఎగరేయాలా వద్దా అని తేల్చుకోవాలి. పైగా నక్క బొచ్చు చలి ముదిరాకే దట్టమవుతుంది, మంచు పడితే తప్ప దాని జాడ దొరకదు. ఇవన్నీ కలిసి వచ్చేది నవంబరు నుంచి చలికాలం చివరిదాకా.

శాస్త్రీయంగా అంతా సబబుగానే ఉంది. కానీ మన పిల్లలకు సెలవులు మేలో. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలకు జులైలో. జనవరిలో ఆ కొండల్లో చలి సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగుతుంది. సెలవులు మార్చడం విద్యాశాఖ వల్ల కాదు, చలి మార్చడం ఎవరి వల్లా కాదు. మిగిలింది గద్ద ఒక్కతే. అదే సర్దుకోవాలి.

కొంత సర్దుబాటు జరిగిందని ఒప్పుకోవాలి. పాతికేళ్ళ కిందట ఆ ప్రాంతపు ముఖ్యపట్టణం ఉల్గీలో మొదలైన గద్దల పండగను అక్టోబరు మొదట్లో పెడుతున్నారు. అంటే అసలు వేట మొదలుకాకముందు, దారులు మూసుకుపోకముందు. సగ్సాయ్ అనే ఊళ్ళో మరో పండగ సెప్టెంబరులోనే అయిపోతుంది. ఈ పండగల్లో నక్క ఉండదు, తాడుకు కట్టిన నక్క తోలు ఉంటుంది. ఒక రౌతు దాన్ని ఈడ్చుకుంటూ గుర్రాన్ని పరిగెత్తిస్తాడు, కొండమీద కళ్ళ ముసుగు తీసిన గద్ద దిగివచ్చి పట్టుకోవాలి. ఇంకో పోటీలో యజమాని కింద మైదానంలో కేక వేస్తే పైనుంచి వచ్చి అతని చేతిమీద వాలాలి. ఎండ బాగా కాసి వేడిగాలి పైకి లేచిందంటే కొన్ని గద్దలు ఆ గాలిమీద గిరికీలు కొడుతూ పోటీ సంగతే మర్చిపోతాయి. కొన్ని సగం దారిలో దిగి, రాయిమీద కూర్చుని జనాన్ని చూస్తాయి. జనం మాత్రం వాటిని చూడ్డానికి వచ్చారు. 2014లో ఐషోల్‌పాన్ అనే 13 ఏళ్ళ అమ్మాయి ఉల్గీ పండగలో నెగ్గింది. ఆ తర్వాత బుకింగుకు ముందు అడిగే ప్రశ్నల్లో ఒకటి చేరింది: "మాకు వేటగాడు వద్దు, వేటగత్తె దొరుకుతుందా?"

చలికాలంలో వెళ్ళే తెగువ ఉన్నవారికైనా న్యాయం జరుగుతోందా అంటే అదీ లేదు. వేటగాడు గద్దతో కొండ కొమ్మున నిలబడతాడు. తోడొచ్చినవాళ్ళు కింద లోయలో గుర్రాలు తోలుతూ, కేకలు వేస్తూ పొదల్లోంచి, రాళ్ళ సందుల్లోంచి నక్కను తరుముతారు. అంత బరువైన పక్షికి పైనుంచి కిందికి దూకడమే అనువు. అందువల్ల మీ గుర్రం రోజంతా ఎక్కుతూనే ఉంటుంది. నక్క లేవని రోజులే ఎక్కువ. లేచిన రోజున ముసుగు తీసిన నిమిషంలోపే అంతా అయిపోతుంది, అదీ మీకు కనిపించే వాలుకు అవతల. మీ కెమెరా బ్యాటరీ అప్పటికే చలికి చచ్చి ఉంటుంది. (బ్యాటరీలను లోపలి చొక్కా జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేముందే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించాలి, లేకపోతే పొయ్యి వేడికి లెన్సు మీదా లోపలా నీరు పడుతుంది. ఇంత జాగ్రత్త కస్టమరే పడాలట.) నక్క కరిచి కాలి వేలు పోతే ఆ గద్ద ఇక వేటకు పనికిరాదు కాబట్టి వేటగాడు గుర్రాన్ని దౌడు తీయించి ముందు అక్కడికి చేరతాడు. మాంసం ముక్క చూపించి నక్కను విడిపిస్తాడు. రెండో టేక్ ఉండదు. వినియోగదారుల ఫోరం భాషలో దీన్ని సేవా లోపం అంటారు.

వేట కుదరనివారికి ఫొటో ఉంది. ఫొటోలోనూ గద్ద తీరు ఏమంత సహకారంగా లేదు. వేటకు వాడేవి దాదాపు అన్నీ ఆడగద్దలే, మగదానికంటే పెద్దవి. మీ కుడిచేతికి మందపాటి తోలు తొడుగు వేసి ఆరు కిలోల దాకా తూగే పక్షిని ఎక్కిస్తారు. వేటగాళ్ళైతే గుర్రంమీద ఆ చేతికింద బల్దాక్ అనే పంగల కర్ర ఊతంగా పెట్టుకుంటారు. మీకు నేలమీద ఊతం ఉండదు. మోచెయ్యి ఒంటికి ఆనించి, మణికట్టును మోచేతికంటే కాస్త పైనే ఉంచాలి. చెయ్యి నొప్పిపుట్టి మణికట్టు వాలిందంటే గద్ద ఎత్తుగా ఉన్న చోటు వెతుక్కుంటూ నడుస్తుంది. దానికి దొరికే తర్వాతి ఎత్తు మీ భుజం, ఆ పైన మీ తల. గాలి దాని వెనకనుంచి కొట్టేలా నిలబడితే ఈకలు లేచి అది రెక్కలు విప్పుతుంది. ఒక్కో రెక్క మీటరు, మీ కళ్ళజోడు ఆ దారిలోనే ఉంటుంది. కాబట్టి గద్ద ముఖం గాలికి ఎదురుగా ఉండాలి. సూర్యుడు ఎటున్నాడన్నది తర్వాతి సంగతి. ఫొటోగ్రాఫర్లకు ఇది రుచించదు.

కొందరు వచ్చిన ప్రతి బృందానికీ నాలుగైదుసార్లు గద్దను పిలిచి చూపించమంటారు. పిలిచినప్పుడల్లా ముక్క పెట్టాలి. పది ముక్కలు తిన్నాక దానికి నక్క ఎందుకు? అలా ఒక సీజను గడిపిన గద్ద జనవరిలో కొండకొమ్మున నిలబడి, ఎదురుగా నక్క పోతున్నా, పర్యాటకుల బస్సు ఎటునుంచి వస్తుందా అని చూస్తుంది. దీన్ని కొందరు సంప్రదాయ పరిరక్షణ అని కరపత్రాల్లో రాసుకుంటున్నారు. మాకూ అభ్యంతరం లేదు, బస్సు మాదే కాబట్టి.

ఇక మనుషుల సంగతి. ప్యాకేజీలో 'ఆధునికత సోకని జీవితం' అని స్పష్టంగా అచ్చేశారు. వెళ్ళి చూస్తే గుడారం పక్కన సోలార్ పలక. ఇది ఎవరో దొంగచాటుగా పెట్టింది కాదు. మంగోలియా ప్రభుత్వమే లక్ష సంచార కుటుంబాలకు సోలార్ కరెంటు అని పథకం పెట్టి 2012కల్లా పూర్తి చేసింది. ప్రభుత్వం పర్యాటకులను సంప్రదించినట్టు లేదు. పలకను ఫ్రేములోంచి తీసేయమని అడిగే హక్కు మనకుంది. అయితే మరీ దూరం జరపకూడదు, ఫోనూ డ్రోనూ చార్జి చేసుకోవడానికి మన వైరు అందాలి. డ్రోనంటే గుర్తొచ్చింది, గద్ద ఎగురుతున్నప్పుడు దాన్ని లేపకండి. గద్ద తన ఆకాశంలో ఇంకొకరిని ఒప్పుకోదు, ఆ గొడవలో కాళ్ళూ రెక్కలూ తెగేది దానికే.

వలస విషయంలో మోసం ఇంకా ఘోరం. 'ఒంటెలతో వలసలో మీరూ నడవండి' అని ఉంటుంది. వలస తేదీ గడ్డీ మంచూ నిర్ణయిస్తాయి, మీ తిరుగు విమానం తేదీ మీ మేనేజరు నిర్ణయిస్తాడు. ఈ ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పైగా లారీ ఒక్క పూటలో చేర్చే సామానును ఒంటెమీద వేసి ఎందుకు తిప్పలు పడాలని చాలా కుటుంబాలు లారీయే మాట్లాడుకుంటున్నాయి. మనం హైదరాబాద్‌లో ఇల్లు మారితే ప్యాకర్స్‌ని పిలుస్తాం, అది వేరు. వాళ్ళు సంచారజాతి.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి ఉల్గీకి విమానంలో మూడు గంటలు. రోడ్డుమీదైతే 1600 కిలోమీటర్లకు పైనే. ఉల్గీ గడియారం రాజధానికంటే గంట వెనక. దేశంలోపలి విమానాల్లో సామాను పరిమితి బాగా తక్కువ, ఆవకాయ సీసాలకూ స్లీపింగ్ బ్యాగుకూ ఒకే తూకం. 4,374 మీటర్ల ఖూయితెన్ శిఖరం ఉన్న తవన్ బోగ్ద్ కొండల వైపు వెళ్ళాలంటే సరిహద్దు అనుమతి ఉండాలి, అది ముందే తీసుకోవాలి. ఉల్గీ నుంచి రష్యన్ ఉవాజ్ వ్యాను. హిమనదాల నుంచి వచ్చే ఏర్లు పొద్దున్నే తక్కువగా పారతాయి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి పొంగుతాయి. అందుకే డ్రైవరు ఆరింటికి బయల్దేరదామంటాడు. మీరు టిఫిను, స్నానం, సెల్ఫీ ముగించి పదకొండింటికి కదిలితే సాయంత్రం ఏటి మధ్యలో ఇంజనులోకి నీళ్ళు పోయి ఆగుతుంది. అది కూడా సాహసయాత్రే, అదనపు రుసుము లేదు. గుర్రంమీద ఉండగా గరగరలాడే నైలాన్ జాకెట్ విప్పకండి. చప్పుడుకు బెదిరి పరిగెత్తిన గుర్రంమీద, రెండు చేతులూ జాకెట్ చేతుల్లో ఇరుక్కున్న మనిషికి ఏ బీమా కంపెనీ సాయపడలేదు. వచ్చేటప్పుడు నేలమీద దొరికిన గద్ద ఈకను సంచిలో వేసుకోవద్దు, ఆ పక్షి అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం కింద ఉంది.

భోజనం దగ్గర కజక్‌లు మర్యాద తెలిసినవాళ్ళే. ఉప్పు వేసిన పాల టీ, నూనెలో వేయించిన బౌర్సక్ ముక్కలు, ఎండు పెరుగు ఉండలు ఎలాగూ ఉంటాయి. గౌరవ అతిథికి ఉడికించిన గొర్రె తల ముందు పెడతారు. ఆ సమయంలో "మేం వెజ్ అండీ" అని చెప్పడం ఆలస్యం. గైడుకు ఉల్గీలోనే చెప్పి బియ్యం, బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయలు, వేరే గిన్నె కొనిపించుకోవాలి. లేకపోతే అదే మాంసం కూరలోంచి ముక్కలు ఏరేసి ఎంతో ఆప్యాయంగా వడ్డిస్తారు. గడప తొక్కకూడదన్నది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వాళ్ళలో డబ్బు మనిషితనం పెరిగిందని, ఫొటోకు కూడా రేటు చెబుతున్నారని ఇటీవల సమీక్షల్లో బాధ కనిపిస్తోంది. 2023-24 చలికాలంలో వచ్చిన జూద్‌లో, అంటే మంచు గడ్డకట్టి పశువులకు మేత అందని విపత్తులో, మంగోలియా అంతటా 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. మంద పోయిన కాపరి అతిథి దగ్గర డబ్బు అడగడం అర్థం చేసుకోదగినదే. కానీ ఏజెన్సీకి లక్షలు కట్టి వచ్చింది నిష్కల్మషమైన ఆతిథ్యం కోసం. నిష్కల్మషం అంటే ఉచితం అని ప్రత్యేకంగా చెప్పాలా?

చివరి అభియోగం రిటైర్మెంటు గురించి. గూటిలోంచి పిల్లగా తెచ్చిందో, వల వేసి పట్టిందో, ఆ గద్ద దగ్గర కొన్నేళ్ళు, తరచు పదేళ్ళలోపు సర్వీసు చేయించుకుని, వసంతంలో వేటగాడు దాన్ని వదిలేస్తాడు. అడవిలో జతకట్టి పిల్లల్ని కనాలట. సరిగ్గా కెమెరాకు అలవాటుపడి, మనిషిని చూసి బెదరని అనుభవజ్ఞురాలిని ఇలా సాగనంపడం ఏ మేనేజ్‌మెంటు సూత్రం? పైగా గ్రాట్యుటీగా ఒక గొర్రె కళేబరం కొండమీద వదిలి వస్తారు. కొన్ని గద్దలు ఇంటిదారి పట్టి వెనక్కి వచ్చేస్తాయి కాబట్టి చాలా దూరం తీసుకెళ్ళి వదలాలి. ఇంత నాటకీయమైన ఘట్టానికి 'వీడ్కోలు స్పెషల్' అని ఎనిమిది మంది బృందాలను తీసుకెళ్ళొచ్చు, భోజనంతో కలిపి. ఏ వారమని అడిగితే మాత్రం మంచు కరగాలంటారు, గద్ద ఒళ్ళు చేయాలంటారు, తేదీ చెప్పరు. అడ్వాన్సు కట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.